శ్రీరంగపట్నం నవ్వు, ఎద్దుల మోత

1791 డిసెంబర్ 6న లండన్‌లో ఒక వ్యంగ్యచిత్రం అమ్మకానికొచ్చింది. శ్రీరంగపట్నం కోట గోడ మీద నిలబడి టిప్పు సుల్తాన్ కిందికి మూత్రం పోస్తున్నాడు. ఆ ధారలో తడుస్తూ బ్రిటిష్ సైన్యం పరుగు తీస్తోంది, గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్‌తో సహా. గీసింది జేమ్స్ గిల్‌రే. ‘వర్షాకాలం ముంచుకొచ్చింది, శ్రీరంగపట్నం నుంచి వెనకడుగు’ అనే అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టాడు.

ఆ వెనకడుగు అప్పటికి ఆరు నెలల పాతది. ఓడల మీద వార్త చేరడానికి అంత కాలం పట్టేది.

శ్రీరంగపట్నం మీదికి సాగిన ఈ దండయాత్ర తెలుగు నేలకు పరాయిది కాదు. అప్పట్లో వరంగల్ నిజాం అలీ ఖాన్ ఏలుబడిలో ఉండేది. నిజాం ఈస్టిండియా కంపెనీ పక్షం. ఆయన పంపిన సుమారు పది వేల గుర్రపు దళం కారన్‌వాలిస్ వెంటే నడిచింది. మే 15న అరకెరె దగ్గర కంపెనీ సైన్యం గెలిచింది కూడా. కానీ కోట ముట్టడి సాగలేదు. వానలొక్కటే కారణం కాదు: గ్రాసం లేక, రోగాలతో పశువులు కూలిపోయాయి, ధాన్యం నిండుకుంది. లాగే ఎద్దులు లేక భారీ ఫిరంగులను సైన్యమే పాడుచేసి వదిలేసింది. గిల్‌రే చిత్రం నిందను మొత్తం వాన మీదికి, సేనాని మీదికి నెట్టింది.

మరుసటి దాడికి కంపెనీ గుణపాఠం నేర్చుకుంది. ఎద్దుల మీద ధాన్యం మోసే బంజారాలను పెద్ద ఎత్తున కూడగట్టింది. నేటి వరంగల్, మహబూబాబాద్ తండాల్లోని లంబాడాల పాత వృత్తి అదే. 1792లో టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకుని, ఇద్దరు కొడుకులను తాకట్టు పెట్టి సంధి చేసుకున్నాడు. నిజాం వాటాకు కడప సీమ వచ్చింది. 1800లో అదే కంపెనీ చేతికి పోయి దత్తమండలాల్లో కలిసింది. సంధి తర్వాత లండన్ చిత్రకారులు కారన్‌వాలిస్‌ను ఆ పిల్లలను ఆదరించే దయామయుడిగా తైలవర్ణాల్లో గీశారు. బంజారాలు మాత్రం ఎగతాళిలోనూ లేరు, పొగడ్తలోనూ లేరు.

సేనానిని గేలి చేసిన గిల్‌రేకు 1797 నుంచి ప్రభుత్వమే పింఛను ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1942లో ‘డైలీ మిర్రర్’ వ్యంగ్యచిత్రకారుడు ఫిలిప్ జెక్‌కు మాత్రం దీనికి భిన్నమైన అనుభవం ఎదురైంది. పెట్రోలు ధర ఒక పెన్నీ పెరిగిందన్న వ్యాఖ్యతో, ఓడ మునిగి తెప్పను పట్టుకుని ఉన్న నావికుణ్ణి గీశాడు. పెట్రోలు వృథా చేయొద్దన్నది అతని ఉద్దేశం. లాభాల కోసం ప్రాణాలు తీస్తున్నారన్న ఆరోపణగా చర్చిల్ ప్రభుత్వం దాన్ని చదివింది. పత్రికను మూయిస్తామని హెచ్చరించింది.