సూత్రము వచ్చినంత మాత్రమున...

దూరమును కాలముచే భాగించిన వేగము వచ్చును. ఈ సూత్రమును అప్పజెప్పలేని విద్యార్థి మన కళాశాలలో లేడు. అయినను ఒక చిన్న ప్రశ్న వేసి చూడుడు. ఒక బస్సు 120 కిలోమీటర్లు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోయి, అదే దారిన 40 కిలోమీటర్ల వేగముతో తిరిగివచ్చినది. సగటు వేగమెంత? "యాభై" అని తరగతి అంతయు ఒక్క గొంతుతో పలుకును. పోవుటకు 2 గంటలు, వచ్చుటకు 3 గంటలు. 240ని 5చే భాగింపగా వచ్చునది 48. నెమ్మదిగా నడచిన కాలమే ఎక్కువ గనుక సగటు ఆ వైపునకే ఒరిగినది.

భాష బోధించు మాకు ఈ లెక్కల గొడవ ఎందుకని కొందరు అడుగవచ్చును. తప్పు జరిగినప్పుడెల్ల నింద మాతృభాషపై పడుచున్నది గనుక! ఫాసిలా, రఫ్తార్, వఖ్త్ అన్నను, దూరము, వేగము, కాలము అన్నను భావమొక్కటే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము విజ్ఞానశాస్త్రములను సైతము ఉర్దూలో బోధించినది. చెరుపు చేయునది గైడు పుస్తకములలోని త్రిభుజము. కావలసిన అక్షరముపై వేలుంచిన జవాబు దొరకును, ఆలోచన దొరకదు.

ఆటలపోటీల స్టాప్‌వాచీ ఏటికొక్కనాడు బీరువా దాటుచున్నది. మైదానమున 100 మీటర్లు కొలిచి, పోవునప్పుడు నడిపించి, వచ్చునప్పుడు పరుగెత్తింపవచ్చును. నడకకు 80 సెకన్లు, పరుగుకు 20 సెకన్లు పట్టినచో సగటు సెకనుకు 2 మీటర్లేయని విద్యార్థి తానే కనుగొనును. కమిటీవారు ఆ గడియారమును భౌతికశాస్త్ర శాఖకు ఇప్పింపవలెనని కోరుచున్నాము.