కడుపులో గడ్డకు ముందు పేరు తేలాలి

రాయ్‌పూర్‌లో ఒకరికి కడుపులో గడ్డ ఉందని తెలియగానే ఇంట్లోవాళ్లు వేసుకునే మొదటి ప్రశ్న ‘ఏ ఊరు తీసుకెళ్దాం?’ అనే. విశాఖా, హైదరాబాదా, నాగ్‌పూరా, ముంబయా? అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది: ఆ గడ్డ ఏ రకం?

జీర్ణాశయ క్యాన్సర్లలో నూటికి 90కి పైగా లోపలి పొరలోని గ్రంథుల్లో పుట్టే అడినోకార్సినోమాలే. మిగిలినవి అరుదైనవి. వాటి వైద్యం పూర్తిగా వేరు. హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఏళ్ల తరబడి తిష్ఠ వేయడంతో వచ్చే మాల్ట్ లింఫోమాను తొలి దశలో పట్టుకుంటే, చాలామందిలో యాంటీబయాటిక్స్‌తోనే తగ్గిపోతుంది. న్యూరోఎండోక్రైన్ గడ్డల్లో కొన్ని రకాలను, అవి చిన్నవిగా ఉంటే, ఎండోస్కోపీతో తీసేసి గమనిస్తూ ఉంటే సరిపోతుంది.

మూడోది జీర్ణాశయం గోడలో పుట్టే గ్యాస్ట్రోఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్. క్లుప్తంగా జిస్ట్. మామూలు కీమోథెరపీకి ఇది దాదాపు లొంగదు. వీటిలో ఎక్కువ భాగానికి కిట్ అనే జన్యువులోని మార్పే కారణమని 1998లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. ఆ మార్పు వల్ల ‘పెరుగు’ అనే సంకేతం ఆగకుండా వెలువడుతుంది. దాన్ని అడ్డుకునే మాత్ర ఇమాటినిబ్. శస్త్రచికిత్సతో తీయగలిగితే తీస్తారు. తిరగబెట్టే ముప్పు ఎక్కువైతే, తర్వాత కనీసం మూడేళ్లు ఈ మాత్ర ఇస్తారు.

ఒకప్పుడు ఈ మందు ధరే పెద్ద అడ్డంకి. నోవార్టిస్ గ్లివెక్ నెలకు సుమారు లక్షా 20 వేల రూపాయలైతే, జనరిక్ 10 వేల లోపే దొరికేది. నోవార్టిస్ పేటెంట్ వాదనను సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చింది. ఆ కేసులో ఎదురు నిలిచిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఒకటి.

మందు చవకైంది సరే, గడ్డ పేరు తేలకపోతే ఆ మందు రాసేదెవరు? జిస్ట్ లోపలి పొర కింద ఉంటుంది కాబట్టి, ఎండోస్కోపీలో పైపైన తీసిన ముక్కలో అది దొరక్కపోవచ్చు. దొరికినా, మామూలు రంగులద్ది చూస్తే కండరపు గడ్డలా కనిపించవచ్చు. సీడీ117, డాగ్1 ప్రోటీన్ల పరీక్ష చేయాలి. ఆపైన జన్యు పరీక్ష కూడా అవసరం పడుతుంది. పీడీజీఎఫ్ఆర్ఏ జన్యువులో డీ842వీ అనే మార్పుంటే ఇమాటినిబ్ పనిచేయదు మరి.

రాయ్‌పూర్‌లో 2012 నుంచి ఎయిమ్స్ ఉంది, అంబేడ్కర్ ఆసుపత్రిలో ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రమూ ఉంది. అయినా ప్రతి పరీక్షా ప్రతి ఊళ్లో జరగాలని నేననను. బయాప్సీ ముక్కను భద్రపరిచే మైనపు దిమ్మ అరచేతిలో ఇమిడిపోతుంది, ఏళ్ల తరబడి చెడదు. జబ్బు మనిషిని రైలెక్కించే బదులు ముందు ఆ దిమ్మను పంపాలి. జిల్లా ఆసుపత్రుల నుంచి దాన్ని పెద్ద ల్యాబ్‌కు చేర్చే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. మందుకు ఇచ్చే బీమా ఈ పరీక్షలకూ వర్తించాలి.

అంతవరకు కుటుంబాలు చేయగలిగింది ఒకటుంది. రిపోర్టుతోపాటు ఆ దిమ్మనూ, స్లైడ్లనూ అడిగి తీసుకోవాలి. ‘ఇది ఏ రకం, ఏ పరీక్షతో తేల్చారు?’ అని వైద్యులను అడగడానికి మొహమాటపడకూడదు.