కరెంటు పోతే మీ సోలార్ ఏం చేస్తుంది?



ఈ మధ్య మన గ్రూపులో రెండు రోజులకొక సోలార్ ఫోటో వస్తా ఉంది. మిద్దె మీద నల్ల పలకలు, పక్కన నవ్వుతా ఇంటాయన, కింద “కరెంటు బిల్లు జీరో” అని రాత. చూసినోళ్ళు “ఎంతయిందన్నా? సబ్సిడీ ఎంతొచ్చింది?” అని అడుగుతారు. “కరెంటు పోతే ఇది నడుస్తుందా?” అని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. దానికి ఒక పంటతో లెక్క కట్టినాను. అందుకే ఈ నాలుగు మాటలు.

మా ఇంటి మీద 3 కిలోవాట్లు వేయించినాము. మొత్తం 1,95,000 అయింది. పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 బ్యాంకు ఖాతాకు వచ్చింది. వేసిన పిల్లోడు మంచోడే, పని శుభ్రంగా చేసినాడు. పురుగుల ఇల్లు మా ఇంటికి ఆనుకొనే ఉంది, వైరు మా ఇంటి మీటరు నుంచే పోయింది. ఇంక కూలరుకు, ఫాగరుకు ఎదురు లేదనుకున్నాము. చలికాలం రెండు పంటలు బాగా వచ్చినాయి. ఆ ధైర్యంతో పాత జెనరేటరును కూడా అమ్మేసినాను.

పోయిన ఏప్రిల్‌లో 150 గుడ్ల బైవోల్టిన్ మేపుతా ఉన్నాము. నాలుగో జ్వరం లేచి నాలుగో దినము. పురుగు జీవితమంతా తినే ఆకులో నూటికి ఎనభై పాళ్ళకు పైన ఈ చివరి వయసులోనే తింటుందని మీకు నేను చెప్పక్కరలేదు. పొద్దున పదకొండు గంటలకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఢామ్మని శబ్దం వచ్చింది. కరెంటు పోయింది. పోతే పోనీలే, మనకు సోలార్ ఉంది కదా అనుకుంటా లోపలికి పోతే కూలరు ఆగి ఉంది, ఫాగరు ఆగి ఉంది. ఇన్వర్టర్ పెట్టె మీద ఎర్ర లైటు. పైన చూస్తే కన్ను తెరవలేనంత ఎండ.

ఫోన్ చేస్తే ఆ పిల్లోడు, “అన్నా, లైన్లో కరెంటు లేకుంటే అది ఆగిపోతుంది, దాని రూలే అంత” అన్నాడు. గోనె పట్టలు తడిపి కిటికీలకు కట్టినాము, నేలంతా నీళ్ళు చల్లినాము. 25 డిగ్రీల దగ్గర ఉండాల్సిన ఇల్లు మధ్యాహ్నానికి 36 చూపించింది. కరెంటు సాయంత్రం ఐదుకు వచ్చింది. మూడో దినానికి పురుగులు మెత్తబడి కక్కడం మొదలుపెట్టినాయి. ఎప్పుడూ 110 కిలోలకు తగ్గని చోట 64 కిలోల గూళ్ళు దిగినాయి. మా ఆమె ఒకే మాట అనింది: “మిద్దె మీద లక్ష రూపాయలు ఎండకు పెట్టి, కింద పురుగులను ఉడకబెట్టినామే!”

తప్పు సోలార్‌ది కాదు. అది ఎట్లా పని చేస్తుందో తెలుసుకోకుండా నమ్ముకున్నందుకు నాది. అది ఎట్లాగో చెప్తాను.

సబ్సిడీతో మన ఇళ్ళ మీద ఎక్కువగా వేసేది ‘ఆన్‌గ్రిడ్’ రకం. దాని ఇన్వర్టర్ లైన్లో ఉండే కరెంటును చూసి, దానితో అడుగు కలిపి నడుస్తుంది. లైన్లో కరెంటు లేదంటే క్షణంలో ఆగిపోతుంది. ఆగాల్సిందే. స్తంభం ఎక్కి వైరు పట్టుకునే లైన్‌మన్, కరెంటు తీసేసినాము అనే నమ్మకంతో ఎక్కుతాడు. మన మిద్దె మీద నుంచి కరెంటు వెనక్కు పోతే ఆ మనిషి ప్రాణానికే ముప్పు. కాబట్టి ఆ రూలును తిట్టడానికి లేదు. వోల్టేజి మరీ ఎక్కినా, మరీ దిగినా కూడా ఆ పెట్టె ఆగిపోతుంది. పల్లె లైన్లలో ఇది కొత్తేమీ కాదు.

అంటే ఆన్‌గ్రిడ్ సోలార్ అనేది బిల్లు లెక్క మాత్రమే. కరెంటుకు అండ కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే మనము మోసపోతాము.

సరే, ఆ బిల్లు లెక్కయినా ఎంత? కిలోవాటుకు దినానికి సుమారు 4 యూనిట్లు వస్తాయి. 3 కిలోవాట్లకు నెలకు 350 దగ్గర. మనము వాడుకోగా మిగిలింది లైనుకు పోతుంది, నెట్ మీటరు ఆ లెక్క చూసుకుంటుంది. కడాకు మిగిలిన యూనిట్లకు మనకు ఇచ్చే ధర, మనము కొనే ధర కంటే తక్కువ. కర్ణాటకలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపల వాడే ఇంటికి ఇప్పటికే జీరో బిల్లు వస్తా ఉంటే, సోలార్‌తో ఇంక తగ్గేదేముంది? హోసూరు, డెంకణికోట పక్క మన వాళ్ళకు రెండు నెలలకు కొన్ని యూనిట్లు ఉచితం, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు ఎక్కుతుంది. అక్కడ ఎక్కువ వాడే ఇంటికి సోలార్ బాగా పనికొస్తుంది, తక్కువ వాడే ఇంటికి కాదు. పక్కింటాయన వేసినాడని వేయొద్దు. ముందు సంవత్సరం బిల్లులన్నీ తీసి పరుచుకోండి.

ఇంకొకటి. ఈ సబ్సిడీ ఇంటి కనెక్షన్లకే. పురుగుల ఇంటికి వేరే మీటరు ఉంటే, మామూలు నెట్ మీటరులో ఇంటి లెక్క దానికి పోదు. రీలింగ్ చేసేవాళ్ళ మోటర్లు పగలే తిరుగుతాయి కాబట్టి సోలార్ వాళ్ళకు బాగా సరిపోతుంది, కానీ వాళ్ళ యూనిట్ మీటరుకు ఈ సబ్సిడీ రాదు.

“అయితే వద్దంటావా?” అని అడుగుతారు. వద్దనను. నేను తీసేయలేదు కదా. పురుగులు మేపేవాళ్ళు వేయించుకుంటే ‘హైబ్రిడ్’ ఇన్వర్టర్ వేయించుకోండి అంటాను. కరెంటు పోతే అది తనను లైను నుంచి తెంపుకుని, విడిగా లాగిన ఒక బ్యాకప్ వైరుకు మాత్రం కరెంటు ఇస్తుంది. లైన్‌మన్‌కు భయం లేదు, మనకు ఫ్యాను ఆగదు. ఆ వైరు మీద ఇల్లంతా పెట్టొద్దు. కూలరు, ఫాగరు, రెండు బల్బులు చాలు. ఇవన్నీ కలిపి ఒక కిలోవాటు లోపలే. పగలు ఎండే ఆ భారం మోస్తుంది, బ్యాటరీ మబ్బు పట్టినప్పుడు ఊతగా ఉంటే చాలు. కాబట్టి పెద్ద బ్యాటరీ అక్కరలేదు. సబ్సిడీ ప్యానెళ్ళ కిలోవాట్ల లెక్కన వస్తుంది, బ్యాటరీ ఖర్చు మనదే. ఆ ఖర్చు ఎక్కువే. కానీ నా 46 కిలోల గూళ్ళను ఆ దినం మార్కెట్ రేటుతో మీరే గుణించి చూడండి.

అంత పెట్టలేని వాళ్ళు ఉన్న జెనరేటరును అమ్మొద్దు. నేను చేసిన రెండో తప్పు అదే. అట్లని సోలార్ కలిసిన లైనుకే జెనరేటరు తగిలించి “ఇన్వర్టర్‌ను లేపుతాను” అనొద్దు. సోలార్ కరెంటు జెనరేటరులోకి ఎదురు తోసి దాన్ని పాడు చేయొచ్చు. చేంజోవర్ స్విచ్చి పెట్టించి, జెనరేటరును పురుగుల ఇంటి వైరుకు మాత్రమే కలపండి. ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

డబ్బు కట్టేముందు మూడు మాటలు కాగితం మీద రాయించుకోండి: ఇది ఆన్‌గ్రిడ్డా, హైబ్రిడ్డా; కరెంటు పోతే ఏ పాయింట్లు నడుస్తాయి, ఎంతసేపు; చెడిపోతే ఎన్ని దినాల్లో వచ్చి చూస్తారు. నోటి మాట ఎండలో నిలవదు. 10 కిలోవాట్ల లోపల అర్జీకి సాంకేతిక పరిశీలన అవసరం లేదని, పని పూర్తయినాక 15 దినాల్లో కరెంటోళ్ళు కలిపి ఇవ్వాలని 2024లో కేంద్రం నియమాలు మార్చింది. మీటరు కోసం నెలల తరబడి తిప్పుకుంటే ఆ మాట గట్టిగా అడగండి.

కడాకు ఒక కోరిక. సిల్క్ సమగ్ర పథకంలో పురుగుల ఇంటికి, పరికరాలకు సాయం ఉంది. ఏప్రిల్, మే ఎండల్లో బైవోల్టిన్ మేపమని మనకు చెప్పే శాఖ, ఆ ఎండలో కూలరు ఆగకుండా ఉండే బ్యాకప్‌ను కూడా పరికరం కిందనే లెక్క వేయాలి. ఈసారి మీటింగులో ఒక్కొక్కరం కాకుండా అందరం కలిసి అడుగుదాము.

అంతవరకు గ్రూపులో సోలార్ ఫోటో పెట్టేవాళ్ళు ఒక పని చేయండి. మధ్యాహ్నం పన్నెండుకు మెయిన్ స్విచ్చి ఆపి, పురుగుల ఇంట్లో ఫ్యాను తిరుగుతా ఉందో లేదో చూసి, ఆ ఫోటో కూడా పెట్టండి.

ఇట్లు,
మీలో ఒక రేష్మె రైతు, చింతామణి తాలూకా