ఇంటి కంప్యూటర్ ఇంట్లోనే ఉండాలి

సంపాదకుడు గారికి,

బడులు, కాలేజీలు తెరిచే రోజులు దగ్గరపడితే చాలు, పత్రికల్లో ల్యాప్‌టాప్ ప్రకటనలూ, ‘ఏది కొనాలి’ అనే వ్యాసాలూ మొదలవుతాయి. మీ పత్రికలోనూ చూశాను. అందరూ చెప్పేది ఒక్కటే: డెస్క్‌టాప్ కాలం అయిపోయింది, ల్యాప్‌టాప్ తీసుకోండి. ఆఫీసుకూ ఇంటికీ తిరిగే హైదరాబాద్ ఉద్యోగికి ఆ సలహా సరిపోతుంది. నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల్లో నలుగురూ కలిసి వాడుకునే ఇంటికి మాత్రం డెస్క్‌టాపే మేలని నా వాదన.

మన దగ్గర చాలా ఇళ్లలో కొనబోయేది మొదటి కంప్యూటర్. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు పట్టణాల్లో 23.4 శాతమైతే, పల్లెల్లో 4.4 శాతమే. ట్యాబ్‌లను కూడా కలిపి చెప్పిన లెక్క ఇది. వ్యాసాలు రాసేవాళ్ల ఇళ్లలో ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. మన ఇళ్లలో ఉండేది ఒక్కటే. కాబట్టి దాని వేగమెంత, బరువెంత అని అడిగే ముందు, అది ఎవరి చేతిలో ఉంటుందని అడగాలి.

బడిపంతులుగా పనిచేసినవాణ్ణి, ఈ ఇళ్లు నాకు తెలుసు. కొడుక్కి ఇంజినీరింగ్ సీటు రాగానే ల్యాప్‌టాప్ వాడి సంచిలో ఇబ్రహీంపట్నం హాస్టల్‌కు పోతుంది. డిగ్రీ చదివే చెల్లెలు, డీఎస్సీకి తయారయ్యే కోడలు, మహిళా సంఘం లెక్కలు రాసుకునే తల్లి మళ్లీ ఫోన్ మీదే పడతారు. అప్పు ఇంటిల్లిపాదిదీ, మిషన్ ఒక్కడిదీ. డెస్క్‌టాప్‌ను అట్లా ఎవరూ చంకన పెట్టుకుపోలేరు. ముందు గదిలో బల్ల మీద ఉంటుంది, వంతులవారీగా అందరికీ అందుతుంది. పిల్లలు దానిమీద ఏం చేస్తున్నారో పెద్దల కంట పడుతుంది కూడా.

కరోనా కాలం ఈ సంగతి తేటతెల్లం చేసింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వ బడుల పిల్లలకు పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్లలో వచ్చాయి. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ పొద్దున్నే తండ్రితో పొలానికో పనికో పోయేది. టీవీ ఇంట్లోనే ఉండేది కాబట్టి పిల్లలకు పాఠం దక్కింది. కదలని యంత్రానికి ఉన్న విలువ అది.

పరీక్షల సంగతీ చూడండి. మన ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. 2024 డీఎస్సీ కూడా అంతే. పరీక్ష హాల్లో పిల్లల ముందుండేది పెద్ద తెర, మౌస్. జేఈఈ మెయిన్‌లో అంకె రూపంలో ఇచ్చే జవాబును సైతం తెర మీది మీటలను మౌస్‌తో నొక్కి నింపాలి. ఫోన్ మీద వేలితో జరపడం తప్ప ఎరగని పిల్ల అక్కడ లెక్క తెలిసినా తడబడుతుంది. ఇంట్లో మౌస్ పట్టిన చేయికి ఆ బెదురుండదు.

‘కరెంటు పోతే ఏంది?’ అని అడుగుతారు. సరైన ప్రశ్నే. ఎండాకాలం ఈదురుగాలికి తీగలు తెగితే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, డెస్క్‌టాప్ టక్కున ఆరిపోతుంది. దానికి 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే పది, పదిహేను నిమిషాలు దొరుకుతాయి. చేస్తున్న పని భద్రం చేసుకొని ఆపడానికి అది చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, దానికి యూపీఎస్ మోడ్ మీట ఉందేమో చూసి అందులో పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం ఎర్తింగ్. అది సరిగా లేని ఇళ్లలో క్యాబినెట్‌ను ముట్టుకుంటే చేయి జిల్లుమంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించాకే కంప్యూటర్ తేవాలి.

కరెంటు ఖర్చు ఎక్కువన్నదీ నిజమే. తెరతో కలిపి డెస్క్‌టాప్ 100 వాట్లు, ల్యాప్‌టాప్ 40 వాట్లు తీసుకుంటాయనుకుందాం. రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు మొదటిది 12 యూనిట్లు, రెండోది దాదాపు 5 యూనిట్లు కాలుస్తుంది. తేడా ఏడు యూనిట్లు. గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు అందుకునే ఇల్లు, కూలర్లు తిరిగే ఏప్రిల్, మే నెలల్లో ఆ హద్దు దగ్గరికి వస్తే ఈ ఏడూ లెక్కలోకి వస్తాయి. అట్లాంటివాళ్లు పెద్ద క్యాబినెట్ బదులు చేతిలో ఇమిడే మినీ పీసీ తీసుకోవచ్చు. దానికయ్యే కరెంటు ల్యాప్‌టాప్‌కు దగ్గరగానే ఉంటుంది.

ఇక మన ఎండ, మన దుమ్ము. నల్లగొండలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తకాదు. రేకుల ఇంట్లో పగలంతా చార్జింగ్‌లోనే ఉంచిన ల్యాప్‌టాప్ బ్యాటరీ త్వరగా సత్తువ కోల్పోతుంది, ఒక్కోసారి ఉబ్బుతుంది కూడా. మిర్యాలగూడ మిల్లుల ఊక దుమ్ము లోపలి ఫ్యాన్‌లో చేరితే దాన్ని విప్పడానికి మెకానిక్ కావాలి. డెస్క్‌టాప్ క్యాబినెట్ తలుపు తీసి బ్లోయర్‌తో ఊదుకోవచ్చు. కీబోర్డు మీద చాయ ఒలికితే కొత్త కీబోర్డు కొన్ని వందల్లో వస్తుంది. ల్యాప్‌టాప్‌కు అదే జరిగితే లోపలి బోర్డు దాకా పోవచ్చు. ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) లాంటివి పాడైతే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో దుకాణంలో ఆ ఒక్క భాగమే మార్పించుకోవచ్చు. పలుచని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించి పంపుతున్నారు, పెంచుకోవడానికి వీలుండదు. డెస్క్‌టాప్ ఎడ్ల బండిలాంటిది. చక్రం విరిగితే చక్రమే మారుస్తాం, బండిని పారేయం.

డబ్బు తక్కువుంటే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ దుకాణాల్లో కంపెనీలు వాడి వదిలేసిన డెస్క్‌టాప్‌లు దొరుకుతాయి. అక్కడ ఒక్క జాగ్రత్త. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి. అంతకన్నా పాతది చవకగా ఇస్తామంటే, లైనక్స్ వేసుకొని వాడుకునే ఓపిక ఉంటేనే తీసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ ఉందా, బిల్లు ఇస్తారా, ఎన్ని నెలలు వారంటీ అని కూడా అడగాలి.

అందరికీ డెస్క్‌టాపే అనడం లేదు. హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదివేవాళ్లకు, ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లకు, బతుకుదెరువుకు ఇంటికి తాళమేసి పుణెకో ముంబైకో పోయే పాలమూరు కుటుంబాలకు ల్యాప్‌టాపే తగింది. తమిళనాడు ప్రభుత్వం 2011 నుంచి విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. ఆడపిల్ల చేతికి నేరుగా, ఆమెదే అని ఇచ్చేటప్పుడు అది మంచి పద్ధతే. ఇల్లంతా కూడబెట్టి ఒక్కటే కొనేటప్పుడు లెక్క వేరు.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటి. ఇకమీదట ఇట్లాంటి సలహాలు అచ్చువేసేటప్పుడు ధర, బరువు, వేగం పక్కన ఇంకొక వరస చేర్చండి: ఇంట్లో ఎందరు వాడతారు, మరమ్మతు ఏ ఊళ్లో దొరుకుతుంది. తల్లిదండ్రులకూ ఒక మాట. దుకాణానికి పోయే ముందు ఇంట్లో కూర్చొని, రోజులో ఏ గంట ఎవరికి కావాలో ఒక కాగితం మీద రాయండి. ఒక్కరి పేరే వస్తే ల్యాప్‌టాప్ కొనండి. రెండో పేరు వస్తే, అందులోనూ అది ఆడపిల్ల పేరైతే, డెస్క్‌టాప్ కొనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా