నూనె చెప్పే జబ్బు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ట్రాన్స్‌ఫార్మరుతో పనేమిటంటారా? విప్పకుండానే దాని జబ్బు కనిపెట్టే తీరు నన్ను ముచ్చటగొలిపింది, అందుకు.

లోపలి నూనెను గాలి సోకకుండా గాజు సిరంజిలోకి లాగి, అందులో కరిగిన వాయువులను కొలుస్తారు. ఎథిలీన్ ఎక్కువైతే నూనె ఎక్కడో విపరీతంగా కాగుతోందన్నమాట. వెల్డింగువాళ్ళు మండించే ఎసిటిలీన్ కనబడిందా, లోపల నిప్పురవ్వలు లేచినట్టే. అశ్రద్ధ చేస్తే ట్యాంకే పేలవచ్చు. ఈ రెండింటి పాళ్ళనూ మీథేన్‌తో కలిపి ఒక త్రికోణంలో గుర్తించి, జబ్బు పేరు చెప్పే పద్ధతిని కెనడాలో మిషెల్ దువాల్ 1974లో చూపాడు. ఒక్కసారి కొలిచి గాభరాపడితే లాభం లేదు. మునుపటికంటే ఎంత పెరిగిందో చూడాలి.

నాకు జాలివేసేది మాత్రం రాగితీగలకు చుట్టిన కాగితం మీద. అది మాడుతుంటే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. నూనెనైతే వడగట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. కాగితం పెళుసెక్కితే చుట్టలన్నీ విప్పి మళ్ళీ చుట్టవలసిందే.