ఉప్పు, విత్తనం, చిప్పు

మన కొండల్లో చోళ్లు, సామలు, కందులు పండుతాయి. ఉప్పు మాత్రం పండదు. సంతకు వెళ్లి తెచ్చుకోవాల్సిందే. గెడ్డ పొంగి సంత జరక్కపోతే ఇంట్లో ఎంత పంట ఉన్నా కూర చప్పగానే ఉంటుంది. 2021లో ప్రపంచానికి ఇలాగే అయింది. అప్పుడు దొరకనిది ఉప్పు కాదు, చిప్పు.

చిప్ అంటే వేలిగోరంత సిలికాన్ ముక్క. ఫోను, టీవీ, కారు, ఆస్పత్రి మిషన్లు దాని మీదే నడుస్తాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు కార్ల కంపెనీలు 'ఇక కార్లెవరు కొంటారు' అని చిప్‌ల ఆర్డర్లు తగ్గించేశాయి. ఇళ్లలో కూర్చున్న జనం ఫోన్లు, కంప్యూటర్లు కొన్నారు. చిప్ ఫ్యాక్టరీలు అటు తిరిగాయి. మళ్లీ కార్లకు గిరాకీ వచ్చేసరికి చిప్‌లు లేవు. చెయ్యమన్న వెంటనే వచ్చే వస్తువా అది? నెలలు పడుతుంది. దానికితోడు 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో మంచు తుఫానుకు కరెంటు పోయి ఫ్యాక్టరీలు ఆగాయి. మార్చిలో జపాన్‌లో రెనెసాస్ ఫ్యాక్టరీలో మంటలు. తైవాన్‌లో కరువు. ఆ సెప్టెంబరులో ఉత్పత్తి మామూలులో 40 శాతమే ఉండొచ్చని మన మారుతి కంపెనీ ప్రకటించింది. తక్కువ ధరకు వస్తుందన్న జియోఫోన్ నెక్స్ట్ కూడా సెప్టెంబరు నుంచి దీపావళికి వాయిదా పడింది. ఫోన్లలో పాఠాలు చెప్పే రోజులవి. ఫోను లేని ఇంటికి అది చిన్న ఆలస్యమా?

"అయితే అన్నీ మన దేశంలోనే చేసుకుంటే పోలా?" అని మా గదిలో వాదన వచ్చింది. నేను ఒప్పుకోను. మొహాలీలో 1984లోనే మన చిప్ ఫ్యాక్టరీ మొదలైంది. 1989లో అగ్నిప్రమాదం జరిగింది. కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. అంటే మన దగ్గరే ఉన్నా, ఒక్కటే ఉంటే ప్రమాదమే. పైగా అత్యాధునిక చిప్‌లకు కావాల్సిన ఈయూవీ మిషన్లను నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే చేస్తోంది. ఏ దేశమూ ఒంటరిగా అన్నీ చేసుకోలేదు.

మన అవ్వలు విత్తనాన్ని ఒకే సొరబుర్రలో దాచరు. కొంత ఇంట్లో, కొంత చుట్టాలింట్లో ఉంచుతారు. దేశమూ అంతే చెయ్యాలి. కొంత ఇక్కడ, కొంత స్నేహ దేశాల్లో, కొంత నిల్వలో. 2021 డిసెంబరులో కేంద్రం దీనికి 76,000 కోట్ల రూపాయల పథకం పెట్టింది. గుజరాత్, అస్సాంలలో పనులు మొదలయ్యాయి. మంచిదే. కానీ విత్తనం ఉంటే చాలదు, దున్నే చేతులూ ఉండాలి. ఆ చేతుల్లో మనవీ ఉండాలని నా కోరిక.

అందుకే వార్డెన్ గారికి ఒక మనవి. స్టోర్ రూములో పాడైపోయిన టీవీ ఉంది కదండీ. సైన్సు మాస్టారి ఎదుట ఒక ఆదివారం దాన్ని విప్పి చూడనివ్వండి. చిప్ ఎలా ఉంటుందో మేము కళ్లారా చూస్తాం.

- పదో తరగతి విద్యార్థి