కంప్యూటరు ఆటలో తొట్రుపాటు

“మా అబ్బాయి సైబర్‌పంక్ 2077 అను ఆట నాడుచుండగా బొమ్మ మాటిమాటికి నిలిచి, తటాలున సాగుచున్నది. క్రొత్త గ్రాఫిక్సు కార్డు కొనుమని పట్టుపట్టుచున్నాడు. ఏమి చేయుదును?” అని యొక సోదరి వ్రాసిరి.

అమ్మా, సొమ్ము వెచ్చించుటకు ముందు కారణ మరయుడు. సెకనునకు 60 బొమ్మలు కనబడవలెనన్న, ఒక్కొక్కటి సుమారు 16.7 మిల్లీసెకనులలో సిద్ధము కావలయును. కొన్ని యాలసించినను కంటికి తొట్రుపాటు తోచును.

మొదట రిజల్యూషను తగ్గించి ఆడుమనుడు. తొట్రుపాటు తగ్గకున్నచో లోపము కార్డుది కాకపోవచ్చును. క్రొత్తది కొనినను ఫలము స్వల్పము. కొంతసేపు చక్కగా నడచి పిదప మందగించినచో వేడిమిని శంకింపవలయును. యంత్రము నార్పి, తీగ నూడదీసి, పంకలు తిరుగకుండ పట్టుకొని దుమ్ము దులుపుడు. క్రొత్త వీథికి పోయినపుడెల్ల నిలిచినచో, ఆట పాత హార్డుడిస్కుపై నున్నదేమో చూడుడు. 2023లో ఆ యాట నిర్మాతలే కనీసావసరములలో హార్డుడిస్కును విడిచి ఎస్‌ఎస్‌డీని చేర్చిరి. కార్డు మెమరీ నిండుచున్నచో టెక్స్చర్ల నాణ్యతను ఒక మెట్టు దించుడు.

ఒకసారి కొక్క మార్పే చేసి, అదే వీథిలో మరల పరీక్షింపవలయును. పులుసులో ఉప్పును, చింతపండును ఒక్కమాటే మార్చినచో రుచి దేనివలన కుదిరినదో తెలియదు గదా!

ఈ పరీక్షలు అబ్బాయి చేతనే, మీరు ప్రక్కన కూర్చుండి చేయింపుడు. రిజల్యూషను తగ్గించినపుడు మాత్రమే ఆట సాఫీగా సాగినచో అతని కోరికలో న్యాయమున్నది. అపుడు కొనుట, మానుట మీ యింటి యాదాయమును బట్టి నిర్ణయించుకొనవచ్చును.